ఇంటికి బ్యాలెట్ పంపమని ఆన్‌లైన్‌లో అడిగితే ఖజానాకు పడేది ఎంత?

అమెరికాలో ఏదైనా రాష్ట్ర చట్టసభలో బిల్లు పెడితే, సాధారణంగా దాని వెంట ఒకటి రెండు పేజీల కాగితం కూడా వస్తుంది. దాన్ని ఫిస్కల్ నోట్ అంటారు. ఈ బిల్లు చట్టమైతే ప్రభుత్వానికి ఖర్చెంత, ఆదా ఎంత అన్న అంచనా అందులో ఉంటుంది. పోస్టల్ బ్యాలెట్ కోసం ఓటర్లు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు అనే బిల్లు వచ్చిందంటే వాదన ఈ నోట్ దగ్గరే మొదలవుతుంది. కాగితం పని తగ్గుతుంది కాబట్టి డబ్బు మిగులుతుందని ఒకరంటారు. కొత్త సాఫ్ట్‌వేర్, కొత్త భద్రత, అన్నీ కొత్త ఖర్చులే అని ఇంకొకరంటారు. ‘ఇంత అని ఇప్పుడే తేల్చలేం’ అని రాసి వదిలేసిన నోట్లు కూడా ఉన్నాయి.

2026 నవంబర్ 3న అక్కడ మధ్యంతర ఎన్నికలు, అంటే అధ్యక్షుడి నాలుగేళ్ళ పదవీకాలం మధ్యలో వచ్చేవి. కరోనా ఏడాది 2020లో అమెరికా ఓటర్లలో దాదాపు 43 శాతం మంది పోస్టులో వచ్చిన బ్యాలెట్‌తోనే ఓటేశారు. 2024లో అది 30 శాతం దగ్గరికి వచ్చింది. తగ్గాక కూడా ప్రతి పది మందిలో ముగ్గురు. 2025 మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ ఎన్నికల నిబంధనల మీద ఇచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు తర్వాత పోస్టల్ ఓటు మళ్ళీ రోజూ వినిపించే మాటైంది. ఆ గొడవలో ఖర్చు లెక్క మరుగున పడిపోయింది. నిజానికి నిదానంగా కూర్చుని చూస్తే అర్థమయ్యే లెక్కే ఇది.

## అడగడం వేరు, ఓటెయ్యడం వేరు

ముందు ఒక పొరపాటు తీసేయాలి. ఆన్‌లైన్‌లో బ్యాలెట్ అడగడమంటే ఆన్‌లైన్‌లో ఓటెయ్యడం కాదు. ‘నాకు బ్యాలెట్ కాగితం ఇంటికి పంపండి’ అనే దరఖాస్తు ఒక్కటే కంప్యూటర్ మీద నడుస్తుంది. ఆ తర్వాత బ్యాలెట్ పోస్టులోనే వస్తుంది, ఓటరు పెన్నుతోనే గుర్తు పెట్టి సంతకం చేసి కవరులో తిప్పి పంపుతారు.

ఈ దరఖాస్తు అన్ని రాష్ట్రాల్లోనూ అవసరం లేదు. ఓరెగాన్, వాషింగ్టన్, కొలరాడో, యూటా, హవాయి, కాలిఫోర్నియా, నెవాడా లాంటి చోట్ల నమోదైన ఓటర్లకు అడక్కుండానే బ్యాలెట్ పంపే పద్ధతి పెట్టుకున్నారు. కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్ళకి ఈ చర్చంతా కొత్తగా అనిపించడానికి కారణం అదే. మిగతా చోట్ల అడగాలి. కొన్ని రాష్ట్రాల్లో ఎవరైనా అడగొచ్చు, కొన్నిటిలో కారణం చూపించాలి. టెక్సాస్‌లో అయితే 65 ఏళ్ళు నిండినవాళ్ళు, అంగవైకల్యం ఉన్నవాళ్ళు, ఆ సమయంలో కౌంటీ (మన జిల్లా లాంటిది) దాటి వెళ్ళేవాళ్ళు, ఇంకో రెండు మూడు రకాల వాళ్ళకి మాత్రమే.

మన దగ్గర పోస్టల్ బ్యాలెట్ అంటే ఎన్నికల డ్యూటీలో ఉన్న ఉద్యోగులు, సైనికులు గుర్తొస్తారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 85 ఏళ్ళు దాటినవాళ్ళు, 40 శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళు ఫారం 12డి ఇచ్చి ఇంటి దగ్గరే ఓటేశారు. ఆ ఫారం బీఎల్ఓ ఇంటికి తెచ్చి ఇస్తారు. అమెరికాలో అలా ఇంటికొచ్చే మనిషి లేరు. ఓటరే వెతుక్కుని అడగాలి కాబట్టి అడిగే దారి ఎలా ఉందన్నది అక్కడ అంత పెద్ద విషయం.

## ‘ఎలక్ట్రానిక్’ అనే ఒక్క మాటలో మూడు వేర్వేరు ఏర్పాట్లు

ఖర్చు లెక్కలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. బిల్లులో ‘ఎలక్ట్రానిక్ పద్ధతిలో’ అని ఉంటుంది. దానికి కనీసం మూడు అర్థాలున్నాయి.

మొదటిది ఈమెయిల్. ఓటరు ఫారం ప్రింట్ తీసుకుని, నింపి, సంతకం చేసి, ఫొటో తీసి కౌంటీ ఆఫీసుకి పంపుతారు. ప్రభుత్వం కొత్తగా కొనాల్సింది ఏమీ లేదు కాబట్టి నోట్‌లో ఖర్చు సున్నా అని రాస్తారు. కానీ ఆఫీసులో జరిగేదేమిటి? ఉద్యోగి ఆ అటాచ్‌మెంట్ తెరవాలి, మసగ్గా ఉన్న ఫొటోలో పేరు చదవాలి, చాలాచోట్ల ప్రింట్ తీయాలి, మళ్ళీ వివరాలన్నీ చేత్తో కంప్యూటర్‌లో ఎక్కించాలి. కాగితం పని ఓటరు ఇంటి నుంచి ఆఫీసుకి మారింది, అంతే. పైగా ఎవరో తెలియనివాళ్ళు పంపిన అటాచ్‌మెంట్లు వేల సంఖ్యలో తెరవడం వైరస్‌లకి తలుపు తీయడమే. 2020లో ఒహాయోలో ఒక జడ్జి ఈమెయిల్ దరఖాస్తులు తీసుకోవచ్చని తీర్పు ఇస్తే, ఆ రాష్ట్ర ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఫ్రాంక్ లరోజ్ వైపు నుంచి ముందుకొచ్చిన అభ్యంతరం సైబర్ భద్రతే. పై కోర్టు ఆ తీర్పును పక్కన పెట్టింది.

రెండోది సగం దారి పోర్టల్. వెబ్‌సైట్‌లో వివరాలు నింపితే ఫారం తయారవుతుంది, కానీ సంతకం పెన్నుతోనే పెట్టాలి. జార్జియా ఇప్పుడు నడుపుతున్నది ఇలాంటిదే. 2020లో అక్కడ డ్రైవింగ్ లైసెన్సు వివరాలతో పూర్తిగా ఆన్‌లైన్‌లోనే అడిగే పోర్టల్ తెచ్చారు. 2021లో వచ్చిన ఎస్‌బీ 202 చట్టం పెన్నుతో చేసిన సంతకం తప్పనిసరి చేసింది. దాంతో ఆల్ఫరెట్టాలోనో కమింగ్‌లోనో ఉండే ఓటరు ఫారం నింపాక ప్రింటర్ వెతుక్కోవాలి. సంతకం పెట్టి, స్కాన్ చేసి అప్‌లోడ్ చెయ్యాలి, లేకపోతే పోస్టు చెయ్యాలి.

మూడోది పూర్తి పోర్టల్. ఓటరు పెట్టిన వివరాలు ఓటరు జాబితాతోనూ, డ్రైవింగ్ లైసెన్సుల డేటాబేస్‌తోనూ అక్కడికక్కడే సరిపోలతాయి. లైసెన్సు ఇచ్చినప్పుడు తీసుకున్న సంతకాన్నే వాడుకుంటారు. మిచిగన్, పెన్సిల్వేనియా ఈ దారిలో వెళ్ళాయి. కట్టడానికి ఖర్చు ఎక్కువ, కట్టాక ఒక్కో దరఖాస్తు మీద పడే ఖర్చు చాలా తక్కువ.

అంటే కాగితం మీద సున్నా కనిపించే ఏర్పాటు నిజంలో ఖరీదైనది కావచ్చు. కాగితం మీద భారీగా కనిపించేది చవకైనది కావచ్చు. పోర్టల్ ఓటరు జాబితాతో ఎంత గట్టిగా ముడిపడి ఉంది అన్నదాని మీదే ఖర్చు ఆధారపడి ఉంటుంది.

## 83 సెంట్ల నుంచి 3 సెంట్లకి: ఆరిజోనా నేర్పిన లెక్క

పోస్టల్ బ్యాలెట్ దరఖాస్తుకి దగ్గరి చుట్టం ఓటరు నమోదు. ఆన్‌లైన్ ఓటరు నమోదును 2002లో మొట్టమొదట తెచ్చింది ఆరిజోనా. అక్కడి మారికోపా కౌంటీలో కాగితం మీద వచ్చిన ఒక్కో నమోదుకి 83 సెంట్లు ఖర్చయ్యేది, ఆన్‌లైన్‌లో వచ్చినదానికి సగటున 3 సెంట్లు. పోర్టల్ పెట్టడానికి రాష్ట్రానికి అయింది దాదాపు 1,30,000 డాలర్లు. తర్వాత చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టడానికి ఈ అంకెలు బాగా పనిచేశాయి.

అయితే వీటిని యథాతథంగా తెచ్చి బ్యాలెట్ దరఖాస్తుకి అతికించకూడదు. నమోదు ఒకసారి చేస్తే ఏళ్ళ తరబడి ఉంటుంది. బ్యాలెట్ దరఖాస్తు చాలా రాష్ట్రాల్లో ప్రతి ఏడాదో, ప్రతి ఎన్నికల విడతకో మళ్ళీ పెట్టుకోవాలి. అదీ గడువుకి ముందు రెండు మూడు వారాల్లో ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఆ రద్దీని తట్టుకునే సర్వర్లు కావాలి.

ఎదురు కోణం కూడా చూడాలి. ఆన్‌లైన్ దారి వాడకుండా అందరికీ కాగితం ఫారాలే పంపితే ఎంతవుతుంది? 2020లో మిచిగన్ దాదాపు 77 లక్షల మంది ఓటర్లకి దరఖాస్తు ఫారాలు పోస్టులో పంపింది. అందుకు కేంద్ర కరోనా సాయంలోంచి దాదాపు 45 లక్షల డాలర్లు పెట్టింది. తలకి 58 సెంట్లు. ఇది ఫారం వెళ్ళడానికి మాత్రమే, తిరిగొచ్చాక దాన్ని చదివి ఎక్కించే పని ఇందులో లేదు.

## ఒక ఊహా రాష్ట్రంలో లెక్క వేసి చూద్దాం

ఇక్కడి అంకెలన్నీ నేను లెక్క కోసం అనుకున్నవి, ఏ రాష్ట్రానివీ కావు.

ఒక రాష్ట్రంలో 50 కౌంటీలున్నాయి. అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో ఒక్కో కౌంటీకి 20,000 దరఖాస్తులు వస్తాయి. కాగితం దరఖాస్తు మీద ఉద్యోగికి నాలుగు నిమిషాలు పడుతుంది, పోర్టల్‌లో వచ్చినదానికి ఒక నిమిషం. ఉద్యోగి జీతం గంటకి 24 డాలర్లు. పోర్టల్ వచ్చాక 60 శాతం మంది దానికి మారారు. 12,000 దరఖాస్తులు, ఒక్కోదానికి మూడు నిమిషాల ఆదా. 600 గంటలు మిగిలాయి, అంటే కౌంటీకి 14,400 డాలర్లు. యాభై కౌంటీలకి కలిపి 7.2 లక్షలు.

ఇప్పుడు ఖర్చు. పోర్టల్ కట్టడానికి మొదటి ఏడాది 10 లక్షల డాలర్లు, తర్వాత నిర్వహణకి ఏటా 2.5 లక్షలు. నాలుగేళ్ళకి 17.5 లక్షలు. ఆదా ఎంత? అధ్యక్ష ఎన్నికల ఏడాది 7.2 లక్షలు, మధ్యంతర ఎన్నికల ఏడాది 4.8 లక్షలు, మిగతా రెండేళ్ళూ 1.2 లక్షల చొప్పున. మొత్తం 14.4 లక్షలు. మొదటి నాలుగేళ్ళలో రాష్ట్రం 3.1 లక్షలు పోగొట్టుకున్నట్టు. ఆ తర్వాతి నాలుగేళ్ళలో నిర్వహణ ఒక్కటే కాబట్టి ఖర్చు 10 లక్షలు, ఆదా మళ్ళీ 14.4 లక్షలు. 4.4 లక్షలు మిగిలాయి. ఎనిమిదేళ్ళకి కలిపి చూస్తే 1.3 లక్షల లాభం.

పోర్టల్ అదే, ఓటర్లు వాళ్ళే. నాలుగేళ్ళ కిటికీలోంచి చూస్తే నష్టం, ఎనిమిదేళ్ళ కిటికీలోంచి చూస్తే లాభం. ఫిస్కల్ నోట్లు చాలావరకు దగ్గరి రెండు మూడు బడ్జెట్ ఏళ్ళనే చూస్తాయి. అందుకే వాటిలో ఇలాంటి బిల్లు దాదాపు ఎప్పుడూ భారంగానే కనిపిస్తుంది.

ఈ లెక్కలో ఇంకా ముఖ్యమైనది ఒకటుంది. 10 లక్షలు పెట్టింది రాష్ట్రం, 7.2 లక్షలు మిగిలింది కౌంటీలకి. జేబులు వేరు. రాష్ట్ర బడ్జెట్ రాసేవాళ్ళకి ఆ ఆదా కనిపించదు, కనిపించినా అది వాళ్ళ ఖాతాలో పడదు. విస్కాన్సిన్‌లో ఇది ఇంకా దూరం వెళ్తుంది. పోర్టల్ రాష్ట్రానిది, బ్యాలెట్లు పంపేది మాత్రం 1,800కు పైగా ఊళ్ళ, పట్టణాల క్లర్కులు. వాళ్ళలో చాలామంది చిన్న ఊళ్ళలో కొన్ని గంటలే పనిచేసేవాళ్ళు. అలాంటి క్లర్కుకి మిగిలిన పది గంటలు ఏ బడ్జెట్ పుస్తకంలోనూ డాలర్లుగా మారవు. కానీ ఎన్నికల ముందు వారంలో ఆ పది గంటలే ఊపిరి తీసుకునే సమయం. దీన్ని ‘ఆదా లేదు’ అని రాయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

## అడగడం తేలికైతే అడిగేవాళ్ళు పెరుగుతారా?

వ్యతిరేకించేవాళ్ళ వాదనలో బలమైనది ఇదే. దరఖాస్తు రెండు నిమిషాల్లో అయిపోతే, ఇదివరకు బూత్‌కి వెళ్ళినవాళ్ళు కూడా బ్యాలెట్ ఇంటికి తెప్పించుకుంటారు. ప్రతి బ్యాలెట్ వెంట ముద్రణ, రెండు కవర్లు, పోస్టేజీ, తిరిగొచ్చాక సంతకం సరిచూడటం ఉంటాయి. మన ఊహా రాష్ట్రంలో ఒక్కో కౌంటీకి 2,000 మంది కొత్తగా అడిగారనుకుందాం, ఒక్కో ప్యాకెట్‌కి 2.50 డాలర్లు అనుకుందాం. అధ్యక్ష ఎన్నికల ఏడాదిలో అదనంగా 2.5 లక్షలు. అలాంటి ఏళ్ళు ఎనిమిదేళ్ళలో రెండు వస్తాయి కాబట్టి 5 లక్షలు. ఇందాకటి 1.3 లక్షల లాభం ఎగిరిపోయింది.

సమర్థించేవాళ్ళు దీనికి కొలరాడోని చూపిస్తారు. 2013లో అందరికీ బ్యాలెట్ పంపే చట్టం తెచ్చాక అక్కడ 46 కౌంటీలలో చేసిన అధ్యయనంలో ఓటరుకి అయ్యే ఖర్చు 2008లో 15.96 డాలర్ల నుంచి 2014లో 9.56కి దిగింది. బూత్‌లు తగ్గాయి, బూత్ సిబ్బంది తగ్గారు, యంత్రాలు తగ్గాయి.

నాకు రెండు వైపులా నిజం కనిపిస్తోంది, కానీ కొలరాడో ఉదాహరణ ఇక్కడ పూర్తిగా అతకదు. అక్కడ ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మొత్తంగా మారారు. దరఖాస్తు అడిగే రాష్ట్రాలు రెండూ నడుపుతాయి. పది శాతం మంది పోస్టుకి మారినంత మాత్రాన బూత్ మూసెయ్యలేరు. బూత్ ఖర్చు మెట్లు మెట్లుగా తగ్గుతుంది, పోస్టు ఖర్చు ఒక్కో కవరుకీ పెరుగుతుంది. మధ్యలో ఉన్న రాష్ట్రానికి కొంతకాలం రెండు ఖర్చులూ తప్పవు. అయితే ఈ ఖర్చుని పోర్టల్ పద్దులో రాయడం సరికాదు. పోస్టల్ ఓటు ఇచ్చే హక్కు చట్టంలో ఉన్నప్పుడు, దాన్ని ఎక్కువమంది వాడుకోవడం ఆ హక్కు ఖర్చు.

## ఒకే మనిషి రెండుసార్లు అడిగితే

2020 పెన్సిల్వేనియా కథ ఈ విషయంలో చాలా చెబుతుంది. 2019లో వచ్చిన యాక్ట్ 77తో అక్కడ మొదటిసారి కారణం చెప్పకుండా పోస్టల్ బ్యాలెట్ అడిగే వీలు కలిగింది, ఆన్‌లైన్ దరఖాస్తూ వచ్చింది. అధ్యక్ష ఎన్నికలకి ముందు అధికారులు దాదాపు 3,72,000 దరఖాస్తులు తిరస్కరించారు. వాటిలో 90 శాతానికి పైగా డూప్లికేట్లు. పార్టీలు తమ అభ్యర్థుల్ని ఎంచుకునే ప్రైమరీ ఎన్నికలప్పుడు ఫారంలో ‘ఈ ఏడాది మిగతా ఎన్నికలకీ పంపండి’ అనే గడిలో టిక్ పెట్టినవాళ్ళు ఆ సంగతి మర్చిపోయారు. పార్టీలు, సంఘాలు ఇంటింటికీ ఫారాలు పంపాయి. టెన్షన్ పడి జనం మళ్ళీ పంపారు.

తిరస్కరించడానికీ మనిషి కావాలి. ఫారం చదవాలి, జాబితాలో వెతకాలి, ఉత్తరం పంపాలి, ఆ ఉత్తరం చూసి కంగారు పడి ఫోన్ చేసినవాళ్ళకి జవాబు చెప్పాలి. అంటే పోర్టల్ ఉన్నంత మాత్రాన చాలదు. ‘మీ దరఖాస్తు మా దగ్గర ముందే ఉంది’ అని అది వెంటనే చెప్పగలగాలి, ఓటర్లు ఫారం పోస్టు చెయ్యబోయే ముందు అక్కడ చూసుకోవచ్చని తెలిసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం చూపించడం వెనకే డేటాబేస్ అనుసంధానం ఖర్చంతా ఉంది.

## భద్రతకి పెట్టే డబ్బు ఏ పద్దులో రాయాలి?

2012 జూలైలో ఫ్లోరిడాలోని మయామి-డేడ్ కౌంటీకి ఆన్‌లైన్‌లో 2,500కు పైగా నకిలీ బ్యాలెట్ దరఖాస్తులు వచ్చాయి. ఓటర్ల పేర్లు అసలువే, అడిగింది మాత్రం వాళ్ళు కాదు. చాలావరకు విదేశీ ఐపీ చిరునామాల వెనక దాక్కుని పంపారు. ఒకే చోటు నుంచి కుప్పలుగా వస్తున్నాయని సాఫ్ట్‌వేర్ పసిగట్టింది, బ్యాలెట్లు బయటికి వెళ్ళలేదు. దర్యాప్తులో కొంత భాగం అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్)కి పోటీ చేసిన ఒక అభ్యర్థి ప్రచార బృందం దగ్గర తేలింది, ఒకరు నేరం ఒప్పుకున్నారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టమని గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలు పరిశీలించే పౌరుల బృందం) సిఫారసు చేసింది. అప్పటి ఆ దరఖాస్తు పేజీలో అలాంటి తాళమే లేదు.

పదేళ్ళకి 2022లో విస్కాన్సిన్‌లో ఒక వ్యక్తి అసెంబ్లీ స్పీకర్ పేరు మీద, రసీన్ నగర మేయర్ పేరు మీద పోర్టల్‌లో బ్యాలెట్లు అడిగి, లోపం చూపించడానికే అన్నాడు. కేసు నడిచింది, దోషిగా తేలాడు. ఆ తర్వాత, నమోదైన చిరునామా కాకుండా వేరే చోటికి బ్యాలెట్ పంపమన్న ఓటర్లకి ఎన్నికల కమిషన్ పోస్టుకార్డులు పంపి, అడిగింది మీరేనా అని సరిచూసుకుంది. కంప్యూటర్‌లో వచ్చిన దరఖాస్తుకి కాగితంతో కాపలా అన్నమాట. ఆ పోస్టుకార్డుల ఖర్చు పోర్టల్ ప్రతిపాదనలో ఉండి ఉండదు.

వ్యతిరేకులు ఇలాంటివి చూపించి అసలు ఖర్చు ఇదేనంటారు. ఆ మాటలో పస ఉంది. భద్రత ఒకసారి కొని పక్కన పెట్టే వస్తువు కాదు, ప్రతి ఎన్నికకీ పెట్టుకోవాల్సిన కాపలా. కానీ కాగితానికి కాపలా లేదా? కాగితం ఫారం మీద ఇంకొకరి సంతకం ఫోర్జరీ చేసినా పట్టుకోవడానికి మనుషులు కావాలి. ఒకే చోటు నుంచి 2,500 కవర్లు వేర్వేరు పోస్టు డబ్బాల్లో పడి ఉంటే మయామిలో అంత త్వరగా పట్టుకునేవాళ్ళా అన్నది సమర్థకుల ప్రశ్న. తేడా ఏమిటంటే, కాగితం మోసానికి కాళ్ళరిగేలా తిరగాలి, ఆన్‌లైన్ మోసం ఒక్క రాత్రిలో వేల సంఖ్యకి చేరగలదు. అదే సమయంలో అది వెనక ఆనవాళ్ళు వదులుతుంది.

## హైదరాబాద్ నుంచి అడిగేవాళ్ళకి ఎప్పుడో వచ్చిన వీలు

ఈ చర్చలో చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. విదేశాల్లో ఉన్న అమెరికా పౌరులకి, సైనికులకి ఈ ఎలక్ట్రానిక్ దారి 2009 నుంచే చట్టంలో ఉంది. మూవ్ యాక్ట్ అంటారు. దాని ప్రకారం కేంద్ర ఎన్నికలకి వీళ్ళు బ్యాలెట్‌ని ఎలక్ట్రానిక్‌గా అడిగే వీలు ప్రతి రాష్ట్రమూ కల్పించాలి, ముందే అడిగినవాళ్ళకి ఎన్నికకి 45 రోజుల ముందు ఖాళీ బ్యాలెట్ పంపాలి, కోరితే అదీ ఎలక్ట్రానిక్‌గానే. పౌరసత్వం వచ్చాక హైదరాబాద్‌కి తిరిగొచ్చి ఉంటున్న తెలుగువాళ్ళు ఎఫ్‌పీసీఏ అనే ఒకే ఫారం నింపి, సంతకం పెట్టి తమ పాత కౌంటీకి ఈమెయిల్ చేయడం ఈ చట్టం వల్లే.

అంటే ఎలక్ట్రానిక్ దరఖాస్తులు తీసుకోవడానికి కావలసిన కనీస ఏర్పాటు ప్రతి రాష్ట్రంలోనూ ఏదో ఒక రూపంలో ఉంది. కొత్త బిల్లు వచ్చినప్పుడు ఖర్చంతా మొదటి ఇటుక నుంచి లెక్కపెట్టాలా, ఉన్నదాన్ని పెద్దది చేసే ఖర్చే లెక్కపెట్టాలా అన్నది అంచనా రాసేవాళ్ళు తేల్చుకోవాలి. అయితే కొన్ని వందల దరఖాస్తులకి సరిపోయే ఈమెయిల్ పెట్టె లక్షలకి సరిపోదన్నది కూడా వాస్తవమే.

## నోట్‌లో రాయని ఖర్చు

ఫిస్కల్ నోట్ ప్రభుత్వ ఖర్చునే చూస్తుంది. ఓటరు జేబులోంచి పోయేది అందులో రాదు. ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో కొడుకు దగ్గర ఉంటున్న, పౌరసత్వం తీసుకున్న డెబ్బై ఏళ్ళ తల్లిని తీసుకోండి. టెక్సాస్‌లో ఆవిడ వయసు వల్ల పోస్టల్ బ్యాలెట్‌కి అర్హురాలు. ఫారం ప్రింట్ తీయించుకోవాలి, గడువు దగ్గర పడితే స్కాన్ చేసి ఈమెయిల్ చేయొచ్చు, కానీ అప్పుడు కూడా పెన్నుతో సంతకం చేసిన అసలు కాగితం నాలుగు పనిదినాల్లో ఆఫీసుకి చేరాలి. 2021లో వచ్చిన చట్టంతో లైసెన్సు నంబరో, సోషల్ సెక్యూరిటీ చివరి నాలుగంకెలో రాయాలి, అవి తమ రికార్డులో ఉన్నవాటితో సరిపోవాలి. ఆ నిబంధనతో జరిగిన మొదటి పెద్ద ఎన్నిక 2022 మార్చి ప్రైమరీ. అందులో తిరిగొచ్చిన పోస్టల్ బ్యాలెట్లలో దాదాపు 12 శాతం, 24,000కు పైగా, తిరస్కరణకి గురయ్యాయి.

ఆవిడ పంపిన ఒక్క దరఖాస్తునే కౌంటీ ఉద్యోగి రెండుసార్లు పట్టుకుంటారు, ఈమెయిల్‌లో ఒకసారి, కవరులో ఇంకోసారి. ఆ రెండోసారి పట్టే నిమిషాలు కౌంటీ జీతాల పద్దులో కలిసిపోతాయి. కవరు మీద అంటించిన స్టాంపు 2025 జూలైలో 78 సెంట్లయింది. ప్రింటర్ కోసం కొడుకు ఆఫీసు నుంచి వచ్చేదాకా ఆవిడ ఎదురుచూసిన సాయంత్రం ఏ పద్దులోనూ లేదు.